ముత్యాలు పెళ్లిలో దొంగ నైరుతి

కృత్తిక కార్తె, అయిదో రోజు

ఈ దినచర్య ఎవరి మేలు కోరీ రాయడం లేదు. గాలిశాల వాళ్లు నన్ను పదవి నుంచి దింపి ఏళ్లయింది. నేను మాత్రం వాళ్లను ఇంకా దింపలేదు. ఒక్కొక్కరిని వరసగా దింపుకుంటూ వస్తాను. మొదటి పేరు గంటి విభూషణం.

విభూషణం గాలిశాలకు, అంటే ఊరి వాతావరణ కార్యాలయానికి, అధిపతి. రోజూ తెల్లవారగానే లౌడ్‌స్పీకరులో సముద్రం కబుర్లు చదువుతాడు. మా నీలాటిపేట తెప్పల మీద తేలే ఊరు. ఇల్లు, బడి, అంగడి, ఉప్పుమళ్లు, అన్నీ ఒకదానికొకటి గొలుసులతో కట్టిన తెప్పలే. వానాకాలం వచ్చేముందు లంగర్లు లేపి, ఊరు ఊరంతా ఏటి మొగలోకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి, వెళ్లి తలదాచుకుంటుంది. ఆ రోజు ఏదో తెలియాలంటే నైరుతి ఎప్పుడొస్తుందో తెలియాలి. ఉపగ్రహాలన్నీ తమ చెత్తను తామే గుద్దుకుని పోయాక మనకు మిగిలిన కళ్లు సముద్రంలో లంగరేసి తేల్చిన బోయాలే. ఊరికి నైరుతిగా, పడవలో రెండు రోజుల దూరం వరకు వరసగా తేలుతూ ఎండ, తేమ, గాలి, నీటి వేడి కొలిచి పంపుతాయి.

ఇరవై ఏళ్ల క్రితం ఆ బోయాలు బతికేవి కావు. జనం తాళ్లు కోసుకుపోయేవారు, దీపాలు విప్పుకుపోయేవారు. గాలిశాల తుపాకులతో కాపలా పెడదామంది. "ఒక్కో బోయాను ఒక్కో ఇంటికి దత్తత ఇవ్వండి, పేరు పెట్టుకోమనండి, సొంత పిల్ల చెవి పోగు ఎవడూ దొంగిలించడు" అని టీ తాగుతూ చెప్పింది నేను. రాసి పైవాళ్లకు పంపింది విభూషణం. పతకం వచ్చింది. గాలిశాల గుమ్మం మీద ఇత్తడి పలక వేశారు: దత్తత పథక రూపకర్త గంటి విభూషణం. ఇందులో నా పేరేదని నేను అడిగాను. అప్పటి నుంచి ఆ నోటితో నా పేరు పలకడం మానేశాడు. తప్పనిసరైతే "ఆ పెద్దమనిషి" అంటాడు.

రోజూ ఉదయం మాత్రం బోయాల పేర్లు భక్తిగా చదువుతాడు. "ముత్యాలు: ఎండ, గాలి తూర్పు, కొలత సరైనది. బంగారి: ఎండ, గాలి లేదు, కొలత సరైనది." ఊరంతా ఆ వరస కంఠస్థం. ఎవరి పిల్ల పేరు వస్తే ఆ ఇంట్లో చెంబులు కిందపెట్టి వింటారు.

కృత్తిక కార్తె, ఏడో రోజు

ఇవాళ కబుర్లలో ఒక వింత. ముత్యాలు దగ్గర గాలి నైరుతి. బంగారి దగ్గర నైరుతి. ఆ వరసలో బోయాలన్నిటి దగ్గరా నైరుతే. ఎండ సగానికి పడిపోయింది, గాలిలో వేడి తగ్గింది, తేమ పెరిగింది. అంటే మబ్బు కమ్మి రుతుపవనం అడుగుపెడుతున్న లక్షణం. రోహిణి ఎండలకు రోళ్లు పగలాల్సిన రోజులు ఇంకా మొదలే కాలేదు, మృగశిరలో రావాల్సింది కృత్తికలోనే వచ్చేసిందట.

నేను పదిమంది రాసిన పుస్తకాలు చదివినవాణ్ని. గాలి గురించి ఒక్కటే తేలింది. అది క్రమశిక్షణ ఉన్న జంతువు కాదు. ఒక పూట నైరుతి వీస్తే మధ్యలో ఒకసారి పడమరకు తల తిప్పుతుంది, ఒకసారి దక్షిణానికి. ఈ గాలి తల తిప్పడం లేదు, మెడ పట్టేసినట్టు ఒకే దిక్కు. అసలు వేగమైతే లేనే లేదు.

గాలిశాల ముందు ఒక కుర్ర ఉద్యోగిని పట్టుకుని ఈ మాట అడిగాను. "తొలి అడుగు కదండీ, మెల్లగానే ఉంటుంది" అన్నాడు. పతకాల వాళ్ల దగ్గర పని నేర్చుకుంటే ఇలాగే వస్తుంది.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

ప్రకటన వచ్చేసింది. రోహిణి మూడో రోజు తెల్లవారి లంగర్లు లేపాలి.

ఊళ్లో అందరూ పెద్దబుర్ర అని పిలిచే గణనయంత్రం గాలిశాల నేలమాళిగలో ఉంటుంది. అది ఒక్క జోస్యం చెప్పదు. ఇవాళ్టి కొలతలను కొంచెం అటూ కొంచెం ఇటూ జరిపి యాభై లోకాలు నడుపుతుంది. ఎక్కువ లోకాల్లో ఏం జరిగితే అదే జరుగుతుందని లెక్క. ఈసారి యాభై లోకాల్లోనూ వానే. విభూషణం ఆ మాట లౌడ్‌స్పీకరులో రెండుసార్లు చదివాడు. యాభైమంది ఒప్పుకున్నారంటే గొప్పే, ఆ యాభైమందీ ఒకే పుకారు విని రాకపోతే. రేపటి వాతావరణం చెప్పాలంటే ముందు ఇవాళ్టిది సరిగ్గా తెలియాలి. ఈ ఒక్క వాక్యం చెప్పినందుకే నన్ను చాదస్తపు ముసలాడన్నారు.

పైగా ఏడాది కిందట ప్రతి పాత బోయా పక్కనా ఒక కొత్త బోయాను వేశారు, ఒకటి తప్పు చెబితే రెండోది పట్టించాలని. ఇప్పుడు రెండూ ఒకే మాట చెబుతున్నాయి. కాబట్టి గాలిశాలకు అనుమానమే లేదు.

ఒక్క కొలత మాత్రం ఒప్పుకోలేదు. బోయాల అడుగున ఉండే నీటి వేడి కొలిచే పరికరాలు సముద్రం ఇంకా కాగుతోందని చెప్పాయి. మబ్బు కమ్మితే నీళ్లు చల్లబడాలి. పెద్దబుర్ర వాటిని "చెడిపోయినవి" అని గుర్తుపెట్టి లెక్కలోంచి తీసేసింది. మిగిలినవాటితో కలవని ఒక్క గొంతును ఇలా పక్కన పెట్టడం గాలిశాలకు కొత్త కాదు. నాకు ఆ పరికరాల మీద సొంత అన్నదమ్ముల మీద కలిగేంత ప్రేమ పుట్టింది.

కృత్తిక కార్తె, పదకొండో రోజు

అసలు ఆపద ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఎగువన వానలు పడి ఏరు పొంగితేనే మొగలో ఇసుక మేటలు మునుగుతాయి. ఏరు పొంగకముందే వెళితే తెప్పలు ఇసుకలో దిగబడతాయి, వెనకనుంచి అలలు వచ్చి బాదితే గొలుసులు తెగుతాయి. నైరుతి నిజమైతే పరవాలేదు, మన వెనకే వాన వస్తుంది. అబద్ధమైతే ఊరు మొగలో విరుగుతుంది. ఉప్పుమళ్లలో గడ్డకడుతున్న ఉప్పు సంగతి సరేసరి.

అందరికన్నా ముందు దిగబడేది నా తెప్ప. పుస్తకాల బరువుకి అది ఎప్పుడూ ఒక జానెడు ఎక్కువ లోతుగానే ఉంటుంది. గాలిశాల మనుషులు వచ్చి కొలిచి, బరువు సగం దింపమన్నారు.

"ఎక్కడికి దింపాలి?" అన్నాను.

వాళ్లు సముద్రం వైపు చూసి, మళ్లీ నా వైపు చూశారు. ఒకడికి కాస్త సిగ్గు ఉన్నట్టుంది. "చదివేసినవే కదండీ" అన్నాడు.

సాయంత్రం దాకా కూర్చుని రెండు గుట్టలు వేశాను. ఉంచుకునేవి, పారేసేవి. రెండో గుట్టలో ఒక్కటీ చేరలేదు. ఆఖరికి విభూషణం రాసిన పాఠ్యగ్రంథం పెట్టాను. అది సన్నటి పుస్తకం. తెప్ప వెంట్రుకవాసి కూడా లేవలేదు.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు

ఇవాళ మధ్యాహ్నం మైలపల్లి నూకరత్నం వచ్చింది. నూకరత్నానికి నాలుగు ఉప్పుమళ్లు, ఒక పెద్ద పడవ, ఊరికి వినిపించే గొంతు ఉన్నాయి. ముత్యాలును దత్తత తీసుకున్నది ఆమే. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"మేస్టారూ, ఉన్నారేటి? పుస్తకాల కింద పడి నలిగిపోనారేమో అనుకున్నాను."

"ఇంకా లేదు. ఏం కావాలి?"

"ఆ ఇబూసనం బాబుతో ఓ ముక్క సెప్పాల మీరు. ఊరు కదలడం ఓ నాలుగు రోజులు ఎనక్కి జరపమనండి. మీరూ పెద్ద సదువు, ఆయనా పెద్ద సదువు. మా మాట ఆయన ఇనడు."

"నా మాట అసలే వినడు. ఎందుకు జరపాలి?"

"పదారు రోజుల పండగ అవ్వలేదు కదేటి! పందిరి తియ్యకుండా పెళ్లికూతుర్ని సముద్రంలో ఒగ్గీసి ఎలా ఎల్లిపోతాం?"

"ఎవరి పెళ్లి?"

"ఎవరిదేటి? మా ముత్యాలుది!"

నేను చేతిలో పుస్తకం కిందపెట్టాను.

"బోయాకి పెళ్లి చేశారా?"

"మరేటి సెయ్యమంటారు? ఏళ్లొచ్చిన పిల్ల. పక్కన ఆ సత్తిరాజుని తెచ్చి తేలేసినారు మీ వోళ్లే. రేత్రనక పగలనక ఇద్దరూ అలా ఒకరి పక్కనొకరు ఊగుతా ఉంటే ఊరు నోరు మూసుకుంటాదా? మాదొక్కటేనా, మా వరసలో ఆడపిల్లలందరికీ అదే తంటా. అందుకే అందరం కలిసి ఒకే లగ్గంలో సేసీసినాం. గాలిశాలోళ్లకి సెప్తే ముట్టుకోవద్దంటారని సెప్పలేదు."

సామూహిక వివాహాలు. నడి సముద్రంలో. నాకు నవ్వు రాలేదు.

"నూకరత్నం, వరసగా చెప్పు. పసుపు ఎక్కడ రాశారు?"

"ఎక్కడేటి, మొహానికి. ఆ నెత్తి మీద గాజు బుడిపె ఉంటాది సూడండి, అదే కదా మొహం. మందంగా పట్టించినాం. పెళ్లికూతురన్నాక ఆ మాత్రం మెరవాల కదా."

అది ఎండ కొలిచే గాజు.

"పైన పందిరి?"

"తాటాకుల పందిరి. సల్లగా ఉంటాది తల్లికి."

"చీర కట్టారా?"

"కట్టకుండా? ఆ పక్కన కన్నాల కన్నాల డబ్బా సుట్టూ కట్టినాం. కెరటాలకి తడుస్తానే ఉంటాది, పాపం."

కన్నాల డబ్బాలో గాలి వేడి, తేమ కొలిచేవి ఉంటాయి. తడి చీర చుడితే ఎడారిలో పెట్టినా అది వానాకాలం అంటుంది.

"గాలి దిక్కు చూపే రెక్క ఉంటుంది కదా. దాన్ని ఏం చేశారు?"

"ఆ వెడల్పాటి రేకా? దానికి బొట్టెట్టి, బాసికం కట్టి, ఊరేపు తిప్పి బిగించీసినాం. ఆడపిల్ల పుట్టింటేపు సూడకుండా ఎలా ఉంటాది, మేస్టారూ? వెనకాల సన్నంగా పొడుగ్గా ఉన్నాదే, అది జడ. జడకి పూలు సుట్టినాం."

ఆ జడ కొన ఎటు చూస్తే గాలి అటునుంచి వస్తోందని లెక్క. ఊరు బోయాలకు ఈశాన్యంలో ఉంది. పెళ్లికూతుళ్లంతా పుట్టింటి వైపు మొహం పెడితే జడలన్నీ నైరుతికి తిరుగుతాయి.

"పెళ్లికొడుక్కి?"

"అన్నీ సమానమే. వియ్యాలోరు మాట పడతారేటి?"

భార్య చెప్పినదానికి భర్త సాక్షి. అందుకే రెండూ కలిశాయి. అడుగున నీళ్లలో ఉన్న పరికరానికి మాత్రం ఎవరూ అలంకారం చేయలేకపోయారు. అది ఒక్కటే నిజం చెప్పి శిక్ష అనుభవించింది.

అప్పుడు వచ్చింది నవ్వు. ఎంత నవ్వానంటే నూకరత్నం భయపడి మంచినీళ్లు తెచ్చింది.

"ఏటి మేస్టారూ, ఏటయిపోనాది?"

"ఏమీ అవలేదు. మీ పెళ్లికి యాభై లోకాలు కదిలి వచ్చాయి. పడవ తియ్యి."

కృత్తిక కార్తె, పదమూడో రోజు

విభూషణం నా మాట నమ్మలేదు. నమ్మకపోవడానికి అతనికి హక్కుంది, నేను ఎప్పుడూ సంతోషంగా వచ్చినవాణ్ని కాను. ఇత్తడి పలక కిందే నిలబడి వాదించుకున్నాం.

"బోయాల సంరక్షణ దత్తత కుటుంబాలు చూసుకుంటాయి. నా పథకం ఉద్దేశమే అది" అన్నాడు.

"చక్కగా చూసుకున్నారు. నువ్వు సముద్రం మీదికి వెళ్లి ఎన్నాళ్లయింది?"

కండువాతో పలక తుడవసాగాడు.

"పద, చూసి వద్దాం. నేను అబద్ధం చెప్పానని తేలితే నా పుస్తకాలు నా చేతులతో నీళ్లలో వేస్తాను."

అది విని నన్ను ఎగాదిగా చూశాడు. మేమిద్దరం ఒకే రోజు గాలిశాలలో చేరాం. నా పుస్తకాల సంగతి అతనికి తెలుసు. చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

కృత్తిక కార్తె, పద్నాలుగో రోజు

పడవలోంచి రాస్తున్నాను, అక్షరాలు ఊగితే మన్నించాలి.

ముత్యాలు దూరం నుంచే కనిపించింది. నీలం సముద్రం, నిప్పులు చెరిగే ఆకాశం, ఆ మధ్యలో తాటాకు పందిరి కింద పసుపు మొహంతో పెళ్లికూతురు. పక్కనే సత్తిరాజు. ఇద్దరికీ కలిపి కొంగుముడి వేశారు. మబ్బు అన్నది ఎక్కడా లేదు. విభూషణం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పందిరి విప్పించు, కొలతలు తీసుకోవాలి" అన్నాడు.

నూకరత్నం తెడ్డు అడ్డం పెట్టింది. "పదారు రోజులు నిండకుండా పందిరి మీద సెయ్యేస్తే ఊరుకునేది లేదు బాబూ. నా అల్లుడికి ఏటన్నా అయితే మీరిత్తారేటి కొత్తల్లుణ్ని?"

"అది అల్లుడు కాదమ్మా, కొలత పరికరం!"

"మీ ఇంట్లో అల్లుడు మాత్రం ఏటి? అతగాడూ ఏదో ఓటి కొలుత్తానే ఉంటాడు కదా."

విభూషణానికి ఇద్దరు అల్లుళ్లు. పడవలో చతికిలబడ్డాడు.

నేను పడవ అడుగునుంచి నీళ్లు తోడే బొక్కెన తీశాను. యంత్రాలు లేని కాలంలో ఓడల వాళ్లు సముద్రాన్ని ఎలా చదివారు? బొక్కెనతో నీళ్లు తోడి, థర్మామీటరు ముంచి. కొత్తగా చేరినప్పుడు మాకు మొదట నేర్పిన పని అదే. బొక్కెన చూడగానే విభూషణం మొహం మారింది.

"నీడలో పెట్టు. ఎండ తగిలితే ఎక్కువ చూపిస్తుంది" అన్నాడు.

"నాకు చెబుతున్నావా? గాలికి ఆరితే తక్కువ చూపిస్తుందని నీకు గుర్తుందా?"

"అందుకే తొందరగా చదవమంటున్నాను. కళ్లద్దాలు తెచ్చావా?"

తేలేదు. అతని కళ్లద్దాలే పెట్టుకుని చదివాను. సముద్రం కాగుతోంది, అడుగున ఉన్న పరికరం చెప్పినంతే. తడి వేలు పైకెత్తి చూశాడు. తూర్పు గాలి, అదీ ఊపిరంత. ఆ తర్వాత బంగారి దగ్గరికి, అక్కణ్నుంచి మరో జంట దగ్గరికి. ప్రతి పందిరి కిందా ఇద్దరం వంగి బొక్కెన ముంచుతూ, ఎవరు ముందు చదవాలో పోట్లాడుకుంటూ వెళ్లాం. బంగారి దగ్గర పెళ్లి లడ్డూలు మిగిలితే పెట్టారు. విభూషణం మూడు తిన్నాడు. ఇది కక్ష కాదు, చూసిన నిజం.

రోహిణి కార్తె, రెండో రోజు

మా బొక్కెన లెక్కలు తినిపించాక పెద్దబుర్ర యాభై లోకాలనూ మళ్లీ నడిపింది. ఒక్క లోకంలో కూడా ఇప్పట్లో వాన లేదు. మృగశిరలోనే అంది. కదలిక రద్దయింది. మొగలో ఇసుక మేటలు కొంగలకు వదిలేశాం. ఉప్పుమళ్లలో ఉప్పు తెల్లగా మెరుస్తోంది. నా పుస్తకాలు యథాస్థానంలో ఉన్నాయి, విభూషణం గ్రంథంతో సహా.

ఇక మిగిలింది ముంచుడు. పెద్ద జోస్యం తప్పితే, అందుకు కారణమైనవాణ్ని ఊరి మధ్య రేవులో మూడు ముంచులు ముంచడం నీలాటిపేట ఆచారం. పెద్దబుర్ర వచ్చాక జోస్యాలు తప్పడం మానేశాయి. చాలామంది పిల్లలు ముంచుడంటే ఏమిటో చూసే ఎరగరు. అందుకని ఇవాళ ఊరంతా రేవులో ఉంది. పానకం బిందెలు, డప్పులు.

"ఎవర్ని ముంచాల?" అని నూకరత్నమే అడిగింది, తన పాత్ర ఏమీ లేనట్టు.

విభూషణం మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"పొరపాటుకు మూలం దత్తత పథకం. బోయాలు పిల్లలు కాకపోతే పెళ్లిళ్లు జరిగేవి కావు. ఇన్నేళ్లుగా ఒక విషయం మీకు చెప్పలేదు. ఆ పథకం ఆలోచన నాది కాదు. అది పూర్తిగా..." నా వైపు తిరిగాడు. కళ్లలో పాత అల్లరి కనిపించింది. "అది పూర్తిగా ఆ పెద్దమనిషిది."

ఇరవై ఏళ్లు అడిగాను. ఇవ్వలేదు. ముంచేరోజు చూసి, ఊరందరి ముందు, వడ్డీతో సహా ఇచ్చాడు. అప్పుడు కూడా పేరు పలకలేదు.

జనం నా వైపు తిరిగారు. నేను కాదనవచ్చు. ఇత్తడి పలక చూపించవచ్చు. కానీ ఆ మాట వినడానికి నేను ఎంత కాలం కాచుకుని ఉన్నానో నాకే తెలుసు.

"అవును, నాదే! మొత్తం నాదే! అందరూ విన్నారా?" అని అరిచాను.

డప్పులు మోగాయి. నన్ను లేవనెత్తి రేవు అంచుకు తెచ్చారు. అక్కడ అధికారదర్పంతో నిలబడి ఉన్న విభూషణం పంచె కొస నా చేతికి అందింది. అందినదాన్ని వదలడం నాకు అలవాటు లేదు. ఇద్దరం కలిసే మునిగాం. మూడు ముంచులూ కలిసే తిన్నాం. మూడోసారి పైకి లేచాక అతను నవ్వుతూ నీళ్లు ఉమ్మి, "నువ్వు మారవు" అన్నాడు. మారవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మృగశిర కార్తె, రెండో రోజు

ఊరు నిన్ననే మొగలోకి చేరింది. ఏరు పొంగింది, ఒక్క తెప్ప కూడా ఇసుక తగల్లేదు, నాదీ తగల్లేదు.

తెల్లవారుజామున నూకరత్నం, పురుడైన ఇంటివాళ్లు పంచినట్టు, బెల్లం, ఇంగువ తెచ్చిపెట్టింది. పదారు రోజుల పండగ బాగా జరిగిందట. పసుపు కడిగి, చీర విప్పి, జడ వదులు చేసేశారట. "మీరు సెప్పినట్టే, మేస్టారూ. ఇంక అది ఎటు కావాలంటే అటు సూసుకుంటాది." గాలిశాల ఆ వరస చివర ఒక చిన్న బోయా కొత్తగా వేసిందని, దాన్ని కూడా తానే దత్తత తీసుకున్నానని చెప్పింది.

"పేరెట్టీసినాం. కాయితం మీద రాసి ఇబూసనం బాబుకి పంపేసినాం. ఆచారం కదా, పేరెడితే సదవాల్సిందే."

"ఏం పేరు?"

"లౌడ్‌స్పీకరు ఇనండి" అని వెళ్లిపోయింది.

కిటికీ దగ్గర కూర్చున్నాను. పడమట ఆకాశం నల్లగా ఉంది. గాలి పడమరకు ఒకసారి, దక్షిణానికి ఒకసారి తల తిప్పుతూ నైరుతి నుంచి వస్తోంది, బతికున్న గాలిలా. తొలి చినుకులు పడుతున్నాయి. లౌడ్‌స్పీకరు గరగరలాడింది.

"ముత్యాలు: గాలి నైరుతి, వాన, కొలత సరైనది. సత్తిరాజు: గాలి నైరుతి, వాన, కొలత సరైనది. బంగారి..."

వరస చివరికి వచ్చింది. కాగితం మడతపెట్టిన చప్పుడు, మళ్లీ విప్పిన చప్పుడు. ఒక దగ్గు. ఊరంతా చెంబులు కిందపెట్టి వింటోందని నాకు తెలుసు.

"సోమేశం..." అన్నాడు విభూషణం. ఆగాడు. "సోమేశం: గాలి నైరుతి. వాన. కొలత... సరైనది."

రేపు ఉదయం కూడా నా పేరు చదవాలి. ఎల్లుండి కూడా. బోయా తేలినన్నాళ్లూ చదవాలి. బోయాలు చాలా కాలం తేలతాయి.

వాన జల్లు కిటికీలోంచి పుస్తకాల వరస మీదికి కొడుతోంది. కిటికీ తలుపు వేస్తే రేపు లౌడ్‌స్పీకరు సరిగ్గా వినపడదు. చొక్కా విప్పి పుస్తకాల మీద కప్పాను. కిటికీ తెరిచే ఉంచాను.